చేప గోత్రపు ఇంట్లో రొయ్య పెంకు

2005వ సంవత్సరం. విశాఖపట్నంలో ఒక పరిశోధనశాల వెనక రేకుల షెడ్డులో రొయ్య పెంకులు ఉడకబెట్టడం నా ఉద్యోగం. గొప్పగా చెప్పుకోవాలంటే బయోమెటీరియల్స్ ఇంజనీరుని. మనిషి ఒంట్లో పెట్టినా ఒళ్ళు కాదనని పదార్థాలు తయారుచేసే పని. కానీ సాయంత్రం సిటీబస్సు ఎక్కానంటే పక్క సీట్లో వాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచిపోయేవాళ్ళు. మాది భీమిలి వైపు చేపలు పట్టే కుటుంబం. "ఈ కంపు వదిలిద్దామనే కదే నిన్ను అంత చదివించింది, మళ్ళీ అదే కంపుతో కొంపకొస్తావేటి?" అని మా అమ్మ సబ్బు చేతికిచ్చి పెరటి దారిన రమ్మనేది. చదువుకున్నందుకు నాకు దక్కిన మర్యాద అది.

ఆ పెంకులతో ఏం చేసేవాళ్ళమో చెప్తాను. రొయ్య పెంకుని యాసిడ్‌లో నానబెట్టి, క్షారంలో ఉడికించి, కడిగి, ఎండబెడితే చివరికి కైటోసాన్ అనే తెల్లటి పొడి మిగులుతుంది. దాన్ని కరిగించి సన్నటి గొట్టంలా పోతపోస్తాం. లోపల నిలువునా వెంట్రుకల్లాంటి పోగులు వచ్చేలా చూస్తాం. దీన్ని నర్వ్ కాండ్యూట్ అంటారు. చేతిలో నరం తెగిందనుకోండి, తెగిన రెండు కొసలూ కలిస్తే డాక్టరు కుట్టేస్తాడు. మధ్యలో ఖాళీ ఉంటే కుట్టడానికి కుదరదు. అప్పుడు ఈ గొట్టంలో ఆ చివర ఒక కొస, ఈ చివర ఒక కొస పెట్టి కుడితే, పై కొస నుంచి నరం లోపలి పోగులు పట్టుకుని మెల్లగా పాకుతూ వచ్చి కింది కొసని కలుసుకుంటుంది. పని అయ్యాక గొట్టం ఒంట్లోనే కరిగిపోతుంది. చెప్పడానికి ఇంత తేలిక. చెయ్యడానికి నా జుట్టు సగం నెరిసింది.

జంతువుల మీద పరీక్షలన్నీ అయ్యాక, చిన్న ఖాళీలకి మాత్రం, అదీ రోగికి సమస్తం వివరించి ఒప్పుకుంటేనే వాడమని ఎథిక్స్ కమిటీ అనుమతిచ్చింది. రోగుల మేలు కనిపెట్టి చూసే కమిటీ అది. "దేంతో చేశారో కూడా వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి" అని ఒక షరతు పెట్టారు. అదేం పెద్ద షరతులే అనుకున్నాం.

చేతి సర్జన్ రామ్మూర్తి గారు నెలకోసారి అరకులో ఒక ఆస్పత్రికి వెళ్ళి రోగుల్ని చూసేవారు. ఆయన వెంట నేనూ రైలెక్కేదాన్ని. మంచి మనిషి, చెయ్యి బంగారం, నోరు మాత్రం తుపాకీ. ఆ నెల ఆయన ముందుకి వచ్చిన మనిషి బుద్రి. హుకుంపేట అవతల కొండ మీద ఊరు. పాతికేళ్ళు కూడా ఉండవు. ఎడమ చంకలో చంటిపిల్ల. కుడిచెయ్యి చీర కొంగులో దాచుకుని వచ్చింది. పక్కన మొగుడు గాసి, మాటలు తక్కువ మనిషి.

అడ్డాకుల విస్తర్లు కుట్టడానికి వెదురు పుల్లలు చీలుస్తుంటే కత్తి జారి మణికట్టు తెగింది. దగ్గర్లో ఎవరో పైన చర్మం కుట్టి పంపారు. గాయం మానింది, లోపల నరం అలాగే ఉండిపోయింది. అది మీడియన్ నర్వ్. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, వాటి కింద అరచెయ్యి, ఇదంతా దాని రాజ్యం. డాక్టరు గారు ఆమెను కళ్ళు మూసుకోమని సూదితో ఆ వేళ్ళు గుచ్చారు.

"తెలుస్తోందా?"

"ఏటి తెలియాలి?" అంది బుద్రి.

వేళ్ళ కొసల మీద కాలిన మచ్చలు. అంబలి కుండ పట్టుకుంటే కాలుతున్న సంగతి తెలియక, తోలు కమిలిన వాసన వచ్చాక చూసుకుందట. అది చెప్తూ సిగ్గుపడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"ఈ చెయ్యి బాగైతే ముందు ఏం చెయ్యాలనుంది నీకు?" అని అడిగాను. విస్తర్లు కుట్టాలంటుందని నా లెక్క.

చంకలో పిల్లని చూపించింది. "ఈ గుంట ఒళ్ళు సూడాల. మా కొండ మీద పిల్లల్ని జొరమే అట్టుకుపోతాది. బేగి తెలిస్తే భుజానేసుకుని దిగిపోతాం, మందు పడతాది. తెల్లారేక తెలిస్తే ఏటి లాభం? ఈ సెయ్యి నుదుటి మీదేత్తే సల్లనో ఏడో సెప్పట్లేదమ్మా. సచ్చిపోయినట్టుంది."

"ఎడమ చెయ్యి ఉంది కదా?"

చదువుకున్నవాళ్ళే అడగగల ప్రశ్న. ఆమె నా వైపు జాలిగా చూసింది. "ఎడం సేత్తో గుంటని ఎత్తుకుంటే, ఏ సేత్తో సూడను? పొయ్యికాడ, గెడ్డకాడ, సేలోన, ఎప్పుడూ సంకలోనే ఉంటాది."

డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. మొదటిది పాత దారి, గ్రాఫ్ట్. కాలి పిక్క వెనక నుంచి ఒక నరం తీసి చేతిలో అతుకుతారు. బాగా పనిచేస్తుంది. కాకపోతే ఆ కాలి పాదం బయటి అంచు ఎప్పటికీ మొద్దుబారిపోతుంది. "అది పెద్ద విషయం కాదమ్మా, ఎవరూ పట్టించుకోరు," అన్నారాయన.

చెప్పులు వేసుకుని గచ్చు మీద నడిచే మనకి అది నిజంగానే పెద్ద విషయం కాదు. బుద్రి తన పాదాల వంక చూసుకుంది. వాటికి చెప్పులు లేవు. "వానాకాలం మా గట్టు దిగీది పాదం అంచుతోనే బాబూ. అది మొద్దుబారితే పిల్లతో కూడా పడతాను. సెయ్యి కోసం కాలు అమ్ముకోమంతావేటి?"

అప్పుడు నా గొట్టం బయటికి తీశాను. తడిలో మెత్తగా, చిన్న వడియం ముక్కలా ఉంటుంది. ఇది కొత్తది, పనిచెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు, చెయ్యకపోతే మళ్ళీ కాలి నరం దారి ఉంటుంది అని దాచకుండా చెప్పాను. చిక్కుడు పాదుకి కర్ర పాతినట్టు ఇది నరానికి దారి చూపిస్తుందన్నాను. పాదు సంగతి వాళ్ళకి ఒకరు చెప్పాలా? ఇద్దరూ తలలూపారు. గాసి ఆ గొట్టాన్ని వేలితో తాకి చూశాడు.

"దేనితో సేసినారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే డాక్టరు గారు, బయట రోగులు నిలబడి ఉన్నారన్న తొందరలో, "రొయ్య పెంకు. రొయ్యంటే చేపే అనుకో. నీళ్ళల్లో దొరికేది, భయం లేదు," అనేశారు.

గాసి వేలు వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరూ వాళ్ళ భాషలో రెండు ముక్కలు అనుకున్నారు. "ఆలోసించి సెప్తాం బాబూ," అని బయటికి వెళ్ళారు. మధ్యాహ్నం మందులిద్దామని చూస్తే ఆస్పత్రిలో లేరు.

ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన నర్సు ఒకావిడ ఉండేది, అందరం సిస్టర్ అనే పిలిచేవాళ్ళం. విషయం విని తలకొట్టుకుంది. "వాళ్ళది చేప గోత్రం సార్. ఇక్కడ పులి గోత్రం ఉంది, పాము గోత్రం ఉంది, గద్ద గోత్రం ఉంది. ఎవరి గోత్రం ఏదైతే అది వాళ్ళకి రక్త సంబంధం. పులి గోత్రం వాళ్ళు పులి చచ్చిందని వింటే స్నానం చేస్తారు. ఆ ఇంట్లో చేప వండరు. మీరు పోయిపోయి అన్నని చంపి చేతిలో పెట్టి కుడతామన్నారు."

డాక్టరు గారు నా మీద విరుచుకుపడ్డారు. ఇన్నేళ్ళు చదివి గొట్టం చేసేదానివి, ఏ కొబ్బరి పీచుతోనో చెయ్యలేకపోయావా అన్నారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడడమంటే ఏమిటో ఆవేళ తెలిసింది. నేనూ ఊరుకునే రకం కాదు, "రొయ్య చేప అని నేననలేదు సార్" అన్నాను. తిరుగు రైల్లో ఇద్దరం మాట్లాడుకోలేదు. అనంతగిరి సొరంగాలు దాటాక ఆయనే పల్లీల పొట్లం నా వైపు జరిపి, "నరం ఎక్కువకాలం తెగి ఉంటే కండ ఎండిపోతుంది, తర్వాత ఏం పెట్టినా లాభం లేదు. నువ్వు వెళ్ళి మాట్లాడగలవా?" అన్నారు. ఆ మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం ఎప్పుడూ నా వల్ల కాలేదు.

హుకుంపేట సంత రోజు సిస్టర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. సంత జీపులో నా ఒళ్ళో ఎవరిదో కోడి, నా కాళ్ళ మీద ఎవరిదో అల్లం మూట. అక్కడి నుంచి కొండెక్కడం. సిస్టర్ మేకపిల్లలా ఎక్కుతోంది, నేను ప్రతి మలుపులో కూచుంటున్నాను. ఊరు చేరేసరికి కుక్కలకి కూడా నన్ను చూసి మొరగాలనిపించలేదు.

బుద్రి ఇంటి అరుగు మీద పంచాయితీ మొదలైంది. ఆ ఊళ్ళో మంచిరోజులు చూసేది, దేవతలతో మాట్లాడేది దిసారి. చేప గోత్రం పెద్ద కూడా ఆయనే. ముసలాయన, మోకాళ్ళ చుట్టూ తువ్వాలు బిగించి కూచున్నాడు. ఆయనకి ఎదురుగా బుద్రి అత్త, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. అడ్డపొగ పీల్చేవాళ్ళు మాట్లాడాలంటే చుట్ట బయటికి తియ్యాలి. ఆమె చుట్ట తీసినప్పుడల్లా అందరూ నోరు మూసుకోవడం గమనించాను. ఆ ఇంట్లో అధికారం ఎవరిదో అర్థమైంది.

"నీది ఏ గోత్రం?" అని దిసారి మొదటి ప్రశ్నే నా నడ్డి విరిగేలా అడిగాడు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "సముద్రంలో చేపలు పట్టుకు బతికే ఇల్లు తాతా మాది."

"అయితే మా అన్నదమ్ముల్ని వల్లో ఏసి అమ్ముకునీవోళ్ళన్నమాట."

సిస్టర్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, పళ్ళు లేని నోటితో పకపకా నవ్వాడు. అరుగంతా నవ్వింది. నాకు చెమట పట్టింది.

"సెప్పు మరి. రొయ్య సేపేనా?"

"కాదు తాతా. చేపకి వెన్నెముక ఉంటుంది, దీనికి లేదు. చేపకి పొలుసు, దీనికి పెంకు. దీని చుట్టాలు పీతలు, ఇంకా వెనక్కి వెళ్తే పురుగులు."

"మరి డాక్టరు బాబు సేపే అన్నాడంట?"

"ఆయనకి చేతులు తెలుసు, చేపలు తెలియవు."

ఈ మాటకి గాసి కూడా నవ్వాడు. దిసారి మాత్రం నవ్వలేదు. ఆలోచనలో పడ్డాడు. "నీళ్ళలో పుట్టినాది, నీళ్ళలో పెరిగినాది. ఎన్నెముక లేనంత మాత్రాన సుట్టం కాకుండా పోద్దా?" అని, ఊరివాళ్ళ వైపు తిరిగాడు. "మన గోత్రంలో రొయ్య తిన్నోళ్ళు ఎవులైనా ఉన్నారా? తింటే ఏటైనా సెరుపు జరిగిందా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గాసి మూతి తుడుచుకున్నాడు. ఇంకో ఇద్దరు ఆకాశంలో మబ్బులు చూడ్డం మొదలుపెట్టారు. అప్పుడు అత్త చుట్ట బయటికి తీసింది.

"సంతలో ఎండ్రొయ్యలు కొని ఆనపకాయలో ఏసి ఒండుతున్నాను. ఈ గాసిగాడు నా కడుపులో ఉన్నప్పట్నుంచీ ఒండుతున్నాను. ఎవులికీ ఏటీ అవలేదు." ఆగి, దిసారి వైపు చూసింది. "పోయిన కొత్తల పండక్కి నీవు రెండోసారి అడిగి ఏయించుకున్నావు. మరిసిపోయినావేటి?"

చుట్ట మళ్ళీ నోట్లోకి వెళ్ళింది.

దిసారి ముఖం చూడాలి మీరు. నేను జీవితంలో చాలా సెమినార్లు చూశాను, ఎదుటివాడి ప్రశ్నకి గుటకలు మింగిన ప్రొఫెసర్లని చూశాను. ఈయన మింగలేదు. తువ్వాలు సర్దుకుని, "అది రొయ్యా? నేను ఎండిన పుట్టగొడుగనుకున్నాను," అన్నాడు. నవ్వీ నవ్వీ ఎవరో అరుగు మీంచి జారారు. నవ్వులు అణిగేదాకా ఆగి, గంభీరంగా తీర్పు చెప్పాడు. "కడుపులోకి ఎల్లింది సేతిలోకి ఎల్తే తప్పులేదు."

నేను లేచి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయితే ఒకటి, సెప్పకుండా పెట్టుకోకూడదు. గెడ్డలో అన్నలకి సెప్పి పెట్టుకోవాల. కోడలు సెప్పాల. నీవూ సెప్పాల."

"నేనెందుకు తాతా?"

"ఆ పెంకు ఉడకేసిన సెయ్యి నీదే కదా?"

ఊరి కింద గెడ్డ, అంటే కొండవాగు. మోకాళ్ళ లోతు నీళ్ళు, ఎముకలు కొరికే చలి. బుద్రి పిల్లని అత్తకిచ్చి, ఎడమచేత్తో నీళ్ళలో బియ్యం వదిలి, పెదాలు కదుపుతూ ఏదో అడిగింది. తర్వాత నా వంతు. పెంకులు ఉడికించే ముందు ఎవరినీ అడిగిన అలవాటు లేదు నాకు. అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. తెప్ప దించే ముందు రోజూ నీళ్ళు కళ్ళకద్దుకుని "అడిగి తీసుకుంతన్నాం తల్లీ, దొంగతనం కాదు" అనేవాడు. చిన్నప్పుడు నాకు ఆ మాట మొరటుగా అనిపించేది. అదే మాట ఆ గెడ్డలో నిలబడి పైకే అన్నాను. నాన్న పోయాక ఆ మాట నా నోటికి రావడం అదే మొదలు. బియ్యం చుట్టూ వేలెడేసి చేపలు మూగాయి. "తిన్నాయి, ఒప్పుకున్నాయి," అన్నాడు దిసారి. బుద్రి నా వైపు చూసి నవ్వింది.

ఆ రోజు నుంచి ఆ ఊళ్ళో నా పేరు రొయ్యలమ్మ.

ఆపరేషన్ విశాఖపట్నంలో జరిగింది. మైక్రోస్కోపు కింద కంటికి ఆనని దారంతో రామ్మూర్తి గారు గొట్టాన్ని రెండు కొసలకీ కుట్టారు. నేను అద్దం బయట నిలబడి చూశాను. నా షెడ్డులో కంపు కొట్టే కుండల్లోంచి పుట్టింది ఒక తల్లి చేతిలోకి వెళ్తుంటే, ఇంత చదువూ దీనికోసమేనేమో అనిపించింది.

తర్వాత పని అంతా నిరీక్షణే. నరం నెలకి అంగుళం మించి పెరగదు, అదీ దానికి బుద్ధి పుడితే. నేను సంత రోజుల్లో కొండెక్కి బుద్రి చెయ్యి పరీక్షించేదాన్ని. మణికట్టు నుంచి కిందికి వేలితో తడుతూ వస్తే, నరం కొస ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ కరెంటు కొట్టినట్టు జిమ్మంటుంది. దాన్ని టినెల్ సైన్ అంటారు. మొదటిసారి జిమ్మన్నప్పుడు బుద్రి "ఓలమ్మో" అని చెయ్యి లాక్కుని, వెంటనే మళ్ళీ ముందుకి చాపింది. "ఇంకోపాలి కొట్టు!" ఆ కరెంటు దెబ్బ ఆమెకి మిఠాయిలా ఉంది. ఇంకోసారి వెళ్ళేసరికి ఊళ్ళో పిల్లలంతా ఒకళ్ళ మణికట్టు ఒకళ్ళు కొట్టుకుంటున్నారు.

మెదడుకి కూడా మళ్ళీ చదువు చెప్పాలి. కళ్ళు మూసుకుని గింజలు తడిమి గుర్తుపట్టే అలవాటు చెయ్యమన్నాను. అత్త పళ్ళెంలో రాజ్‌మా గింజలు, చోళ్ళు, సామలు కలిపి పోసేది. బుద్రి ఓరకంట చూసేది. "కళ్ళు ముయ్యే దొంగా!" అని అత్త అరిచేది. నా కోసం ఉడికించిన పెండలం ముక్కలు ఎప్పుడూ ఒక ఆకులో దాచి ఉండేవి.

అరచెయ్యి దాకా కరెంటు బాగానే దిగింది. అక్కడ ఆగిపోయింది. వానలొచ్చాయి. నెల తర్వాత నెల అదే చోట జిమ్మంటోంది, ముందుకి కదిలిన జాడ లేదు. వేళ్ళ మీద స్పర్శ చూడడానికి మోనోఫిలమెంట్ అని సన్నటి నైలాన్ పోగు ఉంటుంది, వేలికి ఆనించి తెలిసిందా అని అడుగుతాం. బుద్రి కళ్ళు మూసుకుని కూచునేది. "ఇప్పుడు?" "లేదమ్మా." "ఇప్పుడు?" "లేదు." పరిశోధనశాలలో పెద్దలు ఫలితాలేవని అడుగుతున్నారు. రామ్మూర్తి గారు ఇంకొన్నాళ్ళు చూసి, కాలి నరం సంగతి ఆలోచిద్దామన్నారు. ఆ మాట బుద్రికి ఎలా చెప్పాలా అని నేను కొండెక్కిన ప్రతి అడుగులోనూ ఆలోచించాను.

ఆ రోజు సన్నగా తుంపర. ఎక్కుతుంటే ఎప్పటికన్నా ఆయాసంగా ఉంది, వయసు మీదపడుతోందనుకున్నాను. పోగు తీసి మూడు వేళ్ళూ పరీక్షించాను. లేదు. లేదు. లేదు. పోగు డబ్బాలో పెట్టేసి, "బుద్రీ, డాక్టరు గారు ఒక మాట చెప్పమన్నారు," అని మొదలుపెట్టాను. పాదం అంచు గురించి, మొద్దుబారడం గురించి. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది. ఎదురుగా ఉన్నది రోగి, నేను ఇంజనీరుని, నేనేడవకూడదు. అయినా ఏడ్చాను.

బుద్రి ఎడమ చంకలో పిల్ల నిద్రపోతోంది. అందుకని కుడిచెయ్యి చాపి నా బుగ్గ తుడిచింది. "ఊరుకో అమ్మా, నీ తప్పేటుంది ఇందులో? పెట్టేవు, అది ఎదగలేదు. పాదు కూడా ఒకోపాలి..."

ఆగిపోయింది. చెయ్యి తియ్యలేదు. వేళ్ళు నా బుగ్గ మీంచి నుదుటి మీదికి జరిపి, అక్కడ ఆనించి, కనుబొమలు ముడిచింది.

"ఒళ్ళు కాలిపోతంది. జొరమొచ్చింది నీకు."

"కొండెక్కాను కదా, అంతే..." అని నేనంటూనే ఉన్నాను.

"కొండెక్కిన ఏడి కాదిది. జొరమే. నాకు తెల్దేటి?"

నేను ఆ చేతిని చూశాను. ఆమె నా చూపు పట్టుకుని తన చేతిని చూసుకుంది. మెల్లగా వెనక్కి తీసి, పిల్ల నుదుటి మీద వేసింది. మళ్ళీ నా నుదుటి మీద. మళ్ళీ పిల్ల నుదుటి మీద. "ఇది సల్లగుంది," అంది గొణుగుతున్నట్టు. "ఇది ఏడి. ఇది సల్లన." అప్పుడు ఆమె పెట్టిన కేకకి పిల్ల లేచి గుక్కపట్టింది. అత్త చుట్ట నోట్లోంచి జారి కింద పడింది. ఆ ముసలమ్మ చుట్ట కింద పడేసుకోవడం నేను చూసింది అదొక్కసారే.

నరం మానేటప్పుడు ముందు వచ్చేవి నొప్పి, వేడి, చల్లదనం. సున్నితమైన స్పర్శ చాలా వెనక వస్తుంది. ఈ సంగతి పుస్తకాల్లో ఉంది, నాకు తెలుసు, రామ్మూర్తి గారికి తెలుసు. కానీ వానల్లో నీళ్ళు కాచి, గుడ్డ ముంచి పరీక్షించే ఓపిక తగ్గి, పోగు పట్టుకుని కూచున్నాం. ఈలోగా నరం చడీచప్పుడు లేకుండా వేళ్ళదాకా పాకింది. బుద్రిని తీసుకుని అరకు ఆస్పత్రికి వచ్చాక రామ్మూర్తి గారు వేడినీళ్ళు పోసిన గాజుగొట్టం, చన్నీళ్ళు పోసిన గాజుగొట్టం తెచ్చి ఆమె వేళ్ళకి మార్చి మార్చి ఆనించారు. ఒక్కటీ తప్పలేదు. తుపాకీ నోటాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగిపోయారు. అక్కడే సిస్టర్ నా వేలు గుచ్చి రక్తం చూసింది. మలేరియా. చేదు మాత్రలు మింగుతూ, వణుకుతూ, దుప్పటి కింద నవ్వుకున్నాను. అంత సంతోషంగా పడిన జ్వరం నా జీవితంలో ఇంకోటి లేదు.

స్పర్శ తర్వాత చాన్నాళ్ళకి వచ్చింది, పూర్తిగా కాదు. సూదిలో దారం ఎక్కించాలంటే ఇప్పటికీ అత్తని పిలుస్తుంది. విస్తర్లు మాత్రం కుడుతుంది. రామ్మూర్తి గారు రికార్డులో 'ఫెయిర్' అని రాశారు, అంటే పరవాలేదని. ఆ మాట మీద నేను ఆయనతో చాలా పోట్లాడాను. ఆయన మార్చలేదు. ఆయన పద్ధతిలో అది నిజమే.

ఆ గొట్టాల మీద ఇంకా చాలాకాలం పనిచేశాను. కొన్ని పనిచేశాయి, కొన్ని చెయ్యలేదు. కానీ బుద్రి తర్వాత, ఏ రోగి దగ్గరికి వెళ్ళినా ముందు ఒకటే అడిగేదాన్ని, ఈ చెయ్యి నీకు దేనికి కావాలి అని. వాళ్ళు చెప్పిన పనితోనే పరీక్ష మొదలుపెట్టేదాన్ని, నా డబ్బాలో ఉన్న పోగుతో కాదు. పెంకులు ఉడికించే ముందు నాన్న మాట ఒకసారి అనుకునేదాన్ని. షెడ్డులో నా కింద పనిచేసేవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనిచ్చాను.

ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది. వీలున్నప్పుడు నేను కొండెక్కుతాను, ఇంకా ప్రతి మలుపులో కూచుంటూనే. గుమ్మంలో నన్ను చూడగానే బుద్రి బాగున్నావా అని అడగదు. చేతిలో పని పక్కన పెట్టి, దగ్గరికొచ్చి, కుడిచెయ్యి నా నుదుటి మీద వేసి కాసేపు ఉంచుతుంది. "సల్లగున్నావు," అంటుంది. అప్పుడు లోపలికి రమ్మంటుంది.